ఉద్యోగం చేస్తూ ఎం.బి.ఏ.: అన్న కూతురికి ఉత్తరం

చిట్టితల్లీ,

ఉద్యోగం మానకుండా ఎం.బి.ఏ. చేద్దామనుకుంటున్నానని, ఎక్కడ చేరితే మంచిదో చెప్పమని రాశావు. అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటుంది. మందుల కంపెనీలో ఆరేళ్లుగా క్వాలిటీ విభాగంలో ఉన్నావు కదా, ఈ చదువుతో నీ పనిలో ఏం మారాలి? జీతం పెరగాలనుకోవడం తప్పు కాదు. కానీ ఆ ఒక్క ఆశతో రెండేళ్లపాటు శని, ఆదివారాలు వదులుకోవడం చాలా కష్టం.

నీ పనే చూడు. బ్యాచ్ తయారై గోడౌన్ చేరుతుంది. పరీక్షలు పూర్తయి, రికార్డులు సరిచూసి, మీవాళ్లు సంతకం పెట్టేదాకా క్వారంటైన్‌లోనే ఉంటుంది. నీకది పెండింగ్ ఫైలు. ఫైనాన్స్ వాళ్లకది ఇరుక్కుపోయిన డబ్బు. ముడిసరుకు కోసం తెచ్చిన అప్పు మీద బ్యాంకు వడ్డీ రోజూ నడుస్తూనే ఉంటుంది. వర్కింగ్ క్యాపిటల్ పాఠం ఒంటబడితే, శాంపిల్ ఏ బల్ల మీద ఊరికే పడి ఉంటోందో నువ్వే వెతుకుతావు. పరీక్ష తగ్గించమని అనడం లేదమ్మా, పరీక్షకీ పరీక్షకీ మధ్య వృథా అయ్యే రోజుల గురించి అంటున్నాను. అదే క్లాసులో నీ పక్కన కూర్చునే బ్యాంకు ఉద్యోగికి నువ్వు చెప్పాల్సిందీ ఉంది: ఆ సంతకం తొందరపడి పెడితే సరుకంతా బజారు నుంచి వెనక్కి పిలిపించాల్సి రావచ్చు. అనుభవమున్నవాళ్లు ఒకచోట కూర్చుని చదివితే వచ్చే లాభం ఇదే. చికాగో విశ్వవిద్యాలయం 1943లోనే పనిలో ఉన్న మేనేజర్ల కోసం విడిగా ఎం.బి.ఏ. పెట్టింది. ఆ తరహా కోర్సుల్లో అదే మొదటిది.

నాయకత్వం మీద కూడా పాఠాలుంటాయి. శ్రద్ధగా విను, కానీ సాధన మాత్రం మీ ప్లాంటులోనే. నెలాఖరు డిస్పాచ్ ఆగకూడదని పైవాళ్లు ఒత్తిడి చేస్తున్నప్పుడు కూడా, నీ కింద పనిచేసే కుర్రాడు తనకు కనబడిన తేడాను జంకకుండా రికార్డులో రాయగలగాలి. వాడికా ధైర్యం నీ నుంచి రావాలి. నా దృష్టిలో ఈ చదువంతటిలోకీ విలువైన పాఠం అదే.

ఇక చేతికొచ్చే కాగితం సంగతి. పేరు పెద్దదైనంత మాత్రాన ప్రతిదీ డిగ్రీ కాదు. ఐ.ఐ.ఎం.లకు సైతం డిగ్రీ ఇచ్చే అధికారం 2017 చట్టంతోనే వచ్చింది. అంతకుముందు వాటిలో చదివినవాళ్లు అందుకున్నవి డిప్లొమాలు. ఇప్పటికీ పెద్ద సంస్థల పేరుతో కొన్ని నెలల సర్టిఫికెట్ కోర్సులు చాలా నడుస్తున్నాయి. ప్రైవేటు కంపెనీలో పైకి వెళ్లడానికి అవీ పనికిరావచ్చు. కానీ రేపు పిహెచ్.డి. చేయాలన్నా, పాఠాలు చెప్పే ఉద్యోగానికి వెళ్లాలన్నా డిగ్రీ గానీ, దానికి సమానమని గుర్తింపు పొందిన డిప్లొమా గానీ కావాలి. దూరవిద్య, ఆన్‌లైన్ కోర్సులైతే యు.జి.సి. అనుమతి ఉందో లేదో నువ్వే చూసుకో, ఏజెంటు మాట నమ్మకు. ఖర్చు భయపెడితే ఇగ్నో ఉంది, మన హైదరాబాదులో 1982 నుంచి నడుస్తున్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఉస్మానియాలో సాయంత్రం క్లాసుల ఎం.బి.ఏ. ఉంది. వీటిని చిన్నచూపు చూడకు. కాకపోతే దూరవిద్యలో తోటి విద్యార్థులతో వాదించే అవకాశం తక్కువ. ఆ లోటు నువ్వే పూడ్చుకోవాలి.

అల్లుడుగారితో ఇప్పుడే మాట్లాడు. పరీక్షల వారంలో పిల్లాడిని ఎవరు చూసుకుంటారో చేరాక తేల్చుకుందామంటే కుదరదు. అవసరమైతే మీ పిన్ని వచ్చి ఉంటానంటోంది. ఫీజులో కొంత కంపెనీ ఇస్తుందేమో హెచ్.ఆర్. వాళ్లను అడుగు. ఇస్తే, చదువయ్యాక ఇన్నేళ్లు ఇక్కడే పనిచేయాలని బాండు రాయించుకోవచ్చు. మధ్యలో మానేస్తే ఎంత తిరిగి కట్టాలో అందులో ఉంటుంది. సంతకం పెట్టకముందే ఆ కాగితం నాకు పంపు, ఇద్దరం కలిసి చదువుదాం.

మీ బాబాయి