ఎడారిలో దారి తప్పిన బాంబర్ విమానం

రెండో ప్రపంచ యుద్ధం పాఠంలో దేశాల పేర్లు, సంవత్సరాలు చదువుకున్నాం. ఆ యుద్ధంలో పోయిన ఒక్క విమానం గురించి, అందులోని తొమ్మిది మంది గురించి ఇక్కడ రాస్తున్నాను.

ఎక్కడికి వెళ్లింది?

దాని పేరు లేడీ బి గుడ్. అమెరికా వాళ్ల బి-24 రకం బాంబర్. బాంబర్ అంటే బాంబులు మోసుకుపోయి వేసే విమానం. దీనికి నాలుగు ఇంజన్లు. 1943 ఏప్రిల్ 4న ఆఫ్రికాలోని లిబియా దేశం నుంచి 25 విమానాలు ఇటలీలోని నేపుల్స్ రేవు మీద దాడికి బయలుదేరాయి. మ్యాపులో చూడండి, ఈ రెండింటి మధ్య మధ్యధరా సముద్రం ఉంటుంది. ఈ తొమ్మిది మందికీ కలిసి అదే మొదటి దాడి. నేపుల్స్ చేరేసరికి చీకటి పడింది. ఏమీ కనపడలేదు. బాంబులు సముద్రంలో వదిలేసి ఒంటరిగా వెనక్కి తిరిగారు.

ముందా? వెనకా?

అర్ధరాత్రి దాటాక పైలట్ హాటన్, మా స్థావరం ఏ దిక్కున ఉంది అని రేడియోలో అడిగాడు. కింద ఉన్న యంత్రం చూసి దిక్కు చెప్పారు. అయితే ఆ యంత్రానికి ఒక లోపం ఉంది. విమానం ఏ గీత మీద ఉందో అది చెప్తుంది గాని, స్థావరానికి ఈ వైపున ఉందో ఆ వైపున ఉందో చెప్పలేదు. అక్షరాలు చెరిగిపోయిన కిలోమీటరు రాయి దగ్గర మనం నిలబడ్డామనుకోండి. రోడ్డు ఇదే అని తెలుస్తుంది, ఊరు ముందుందో వెనకుందో తెలీదు. అట్లాగే అయ్యింది. విమానం అప్పటికే స్థావరం దాటేసింది. వాళ్లు ఇంకా సముద్రం మీదే ఉన్నామనుకున్నారు. చీకట్లో సముద్రమైనా ఇసుకైనా ఒక్కలాగే ఉంటుంది కదా! రెండు గంటలు దక్షిణానికే పోయారు. పెట్రోలు అయిపోవస్తుంటే రాత్రి 2 గంటలకు పారాచూట్లతో దూకేశారు.

ఎనిమిది రోజుల నడక

ఒకరి పారాచూట్ సరిగా విచ్చుకోక చనిపోయాడు. మిగతా ఎనిమిది మంది ఒకచోట కలుసుకున్నారు. వాళ్ల దగ్గర సీసాలో సగం నీళ్లే ఉన్నాయి. మనిషికి రోజుకు ఒక్క మూతెడు! సముద్రం దగ్గర్లోనే ఉందనుకుని వాయవ్య దిక్కుకు నడిచారు. నిజానికి స్థావరం 700 కిలోమీటర్ల దూరంలో ఉంది. మన పెద్దోళ్లు అడవిలో కొమ్మ విరిచి గుర్తు పెట్టినట్టే, వాళ్లు పారాచూట్ గుడ్డ ముక్కలు బాణం లాగా పరిచి, రాళ్లు పెట్టుకుంటూ పోయారు. 130 కిలోమీటర్లు నడిచి ఐదుగురు ఆగిపోయారు. సాయం తెస్తామని ముగ్గురు ఇంకా ముందుకు పోయారు. ఎవరూ బతకలేదు.

అసలు బాధ ఏంటంటే, ఎవరూ లేని విమానం తనంతట తానే ఇంకొంచెం దూరం పోయి ఇసుక మీద వాలింది. వాళ్లు దూకిన చోటికి అది దక్షిణంగా 26 కిలోమీటర్లే. అందులో నీళ్లు, తిండి, పనిచేసే రేడియో ఉన్నాయి. వాళ్లు దానికి దూరంగా నడిచారు.

ఎలా తెలిసింది?

విమానం సముద్రంలో మునిగిందనే అందరూ అనుకున్నారు. 1958లో చమురు కోసం వెతికేవాళ్లకు ఆకాశం నుంచి కనపడింది. 1959లో దాని దగ్గరికి చేరారు. 1960లో ఎనిమిది మంది దేహాలు దొరికాయి. ఒక్కరిది దొరకలేదు. ఇంటివాళ్లు ఇన్నేళ్లూ ఏమీ తెలియకుండానే ఎదురుచూశారు.

రెండో పైలట్ టోనర్ జేబులో చిన్న డైరీ దొరికింది. ఏప్రిల్ 12 దాకా రోజూ రెండు మూడు ముక్కలు రాశాడు. నీళ్లెన్ని, ఎండెంత, ఎవరు ముందుకు పోయారు. అంతే. అవి లేకపోతే ఆ ఎనిమిది రోజులు మనకు తెలిసేవి కావు. మా గూడెంలో ఒకాయన కూలికి పోయి తిరిగి రాలేదు. ఎక్కడికి పోయాడో రాసి పెట్టేవాళ్లు ఇంట్లో లేరు. ఆయన భార్య ఇప్పటికీ రోడ్డు దాకా వచ్చి చూస్తది. మా ఇంట్లో చదువు వచ్చింది నాకొక్కదానికే. అందుకే ఇంట్లోవాళ్లు ఎటు పోయినా ఊరి పేరు, తేదీ నోటుబుక్కులో రాస్తున్నాను. మీరు కూడా రాయండి.

చదివినవాళ్లకు ప్రశ్నలు:
1. యంత్రం సరిగ్గా చెప్పినా విమానం ఎందుకు తప్పిపోయింది?
2. ఎనిమిది మంది ఏ దిక్కుకు నడిచారు? విమానం ఏ దిక్కున పడింది?
3. లిబియా, ఇటలీ, మధ్యధరా సముద్రం మ్యాపులో గుర్తించండి.

— తొమ్మిదో తరగతి విద్యార్థిని