ఆవిరితో నడిచే చిన్న రైలింజను – భాగాలు ఎక్కడ దొరుకుతాయి?

 

పోయిన నెల మనవాళ్ళిద్దరు పాలపొడి డబ్బా మూతకు మాటు పెట్టి, అందులో నీళ్ళు పోసి, "రైలింజను చేస్తున్నాం" అంటూ వంటగది పొయ్యి దగ్గరికి తీసుకుపోయారు. వార్డెను సారు చూసి డబ్బా లాక్కున్నారు. "సారుకి సైన్సంటే గిట్టదు" అని మనం గొణుక్కున్నాం. అసలు నిజమైన చిన్న ఆవిరి ఇంజను చేసేవాళ్ళు ఎలా చేస్తారో, భాగాలు ఎలా తెచ్చుకుంటారో చదివితే సంగతి తెలుస్తుంది.

ఎవరు చేస్తారు?

ఇంగ్లండులో ఈ పనికి పెద్ద చరిత్ర ఉంది. 1898లో పెర్సివల్ మార్షల్ 'మోడల్ ఇంజనీర్' అనే పత్రిక పెట్టారు. అందులో 1920ల నుంచి ఎల్.బి.ఎస్.సి. అనే కలం పేరుతో ఒకాయన పాఠాలు రాశారు. కొత్తవాళ్ళ కోసం ఆయన 'టిచ్' అనే నాలుగు చక్రాల ఇంజను గీసి ఇచ్చారు. ఇవి ఉత్త బొమ్మలు కావు. బొగ్గు వేసి నిప్పు రాజేస్తే మనుషుల్ని కూర్చోబెట్టుకొని లాగుతాయి!

ముందు లెక్క

ఇంగ్లండు పెద్ద రైలు పట్టాల మధ్య దూరం 4 అడుగుల 8½ అంగుళాలు. అంటే 56½ అంగుళాలు. దీన్ని 16తో భాగిస్తే సుమారు 3½ అంగుళాలు వస్తుంది. అందుకే 3½ అంగుళాల పట్టా మీద నడిచే ఇంజనులో ప్రతి భాగం అసలు దానిలో 16వ వంతు. 'ఫ్లయింగ్ స్కాట్స్‌మన్' ఇంజను పెద్ద చక్రం 80 అంగుళాలు. మన చక్రం 5 అంగుళాలు ఉండాలన్నమాట.

ఏ సంవత్సరపు ఇంజను?

ఇక్కడే చాలామంది పొరబడతారు. ఆ ఇంజను 1923లో డాంకాస్టర్‌లో తయారయింది. 1947లో ఏ3 తరగతికి మార్చారు. 1959లో జంట పొగగొట్టం పెట్టారు. 1961లో పక్కన పొగ మళ్ళించే రేకులు బిగించారు. 1923 నాటి ఇంజను చేస్తూ 1959 నాటి పొగగొట్టం కొంటే డబ్బు దండగ. కాబట్టి ముందు సంవత్సరం తేల్చుకోవాలి, తరువాత పటం, ఆ తరువాతే పోత భాగాలు.

పోత భాగాలు

చక్రాలు పోత ఇనుముతో, సిలిండర్లు కంచుతోగాని పోత ఇనుముతోగాని పోస్తారు. ముందు చెక్కతో నమూనా చెక్కి, తడి ఇసుకలో అదిమి తీస్తారు. ఆ గుంటలో కరిగిన లోహం పోస్తారు. లోహం చల్లారితే కుంచించుకుపోతుంది. పోత ఇనుము నూటికి 1 వంతు, కంచు సుమారు 1½ వంతు తగ్గుతాయి. 5 అంగుళాల ఇనుప చక్రానికి ఇది మిల్లీమీటరు పైనే. అందుకని నమూనాను కాస్త పెద్దగా చేస్తారు. లేతు మిషను మీద చెక్కడానికి ఇంకొంచెం అదనంగా ఉంచుతారు.

కొనేటప్పుడు చూడవలసినవి:

1. చట్రం రేకు కోయకముందే చక్రాలు, సిలిండర్లు దొరుకుతాయో లేదో కనుక్కోవాలి. పాత దుకాణాలు మూతపడితే వాటి నమూనాలు చేతులు మారతాయి. నమూనా పోయిందంటే పటం ఉన్నా పని ఆగిపోతుంది.
2. చక్రాలన్నీ ఒకే చోట, ఒకేసారి తీసుకోవాలి. ఆకులు లెక్కపెట్టాలి. అసలు చక్రానికి ఎన్ని ఉన్నాయో దీనికీ అన్నే ఉండాలి.
3. సంతలో కుండను కొట్టి చూస్తాం గదా! అలాగే చక్రాన్ని వేలాడదీసి తట్టాలి. ఖంగుమంటే మంచిది, బొంగురుగా మోగితే పగులు ఉండొచ్చు.
4. ఆకురాయితో గీకి చూడాలి. తొందరగా చల్లారిన ఇనుము గాజులా గట్టిపడి పనిముట్టును పాడుచేస్తుంది. దాన్ని ఎర్రగా కాల్చి, మెల్లగా చల్లారనిస్తే మెత్తబడుతుంది.

చాలా చిన్న భాగాలకు మైనపు పోత వాడతారు. ఇది మనకు కొత్త కాదు! ఆదిలాబాద్ జిల్లాలో ఓజా పనివాళ్ళు మైనపు తీగలు చుట్టి, మట్టి పూసి, కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోసి బొమ్మలు చేస్తారు. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇంగ్లండు వాళ్ళ చిన్న భాగాల వెనక ఉన్న సూత్రమూ ఇదే.

బాయిలరు – అన్నిటికంటే ముఖ్యం

కొలతలు 16వ వంతుకు తగ్గించవచ్చు గాని, ఆవిరి బలాన్ని తగ్గించలేం. చిన్న ఇంజనులో కూడా చదరపు అంగుళానికి 80 నుంచి 100 పౌండ్ల పీడనం ఉంటుంది. 100 పౌండ్ల దగ్గర ఆవిరి వేడి సుమారు 170 డిగ్రీలు. మనవాళ్ళు పెట్టిన సీసం-తగరం మాటు 183 డిగ్రీలకే కరగడం మొదలెడుతుంది. నీళ్ళు కాస్త తగ్గినా మాటు ఊడి డబ్బా పేలుతుంది. అందుకే వాళ్ళు రాగి రేకు వాడి, 600 డిగ్రీలు దాటితేగాని కరగని వెండి టంకంతో అతుకుతారు. రక్షణ కవాటం పెడతారు. ఆ తరువాత చన్నీళ్ళు నింపి, నడిచే పీడనానికి రెండింతలు ఎక్కించి పరీక్షిస్తారు. నీళ్ళు ఆవిరిలా వ్యాకోచించవు. అతుకు విడినా కారతాయి గాని పేలవు.

మన డబ్బాకు రాగీ లేదు, కవాటమూ లేదు, పరీక్షా లేదు. సారు లాక్కున్నది డబ్బాను కాదు, మన చేతులు, కళ్ళు కాపాడారు. సారూ, ఆ రోజు గొణిగినందుకు క్షమించండి.

మనం ఏం చేయగలం? అట్టముక్క మీద 5 అంగుళాల చక్రం గీసి, ఆకులతో సహా కత్తిరిద్దాం. వాగు ఇసుకలో చెక్క నమూనా అదిమి, మైనం పోసి అచ్చు తీద్దాం. పెద్దవాళ్ళ ఎదుటే సుమా!

ఆలోచించండి: చిన్న ఇంజను పొడవు, వెడల్పు, ఎత్తు అన్నీ 16వ వంతు అయితే, 100 టన్నుల ఇంజను ఎన్ని కిలోలకు దిగుతుంది? (సూచన: 16 × 16 × 16.) జవాబు వచ్చే సంచికలో.