బొంత కుట్టుట, బహుమానమిచ్చుట

క్రిందటి సంవత్సరము తలిదండ్రుల సమావేశమునందు ఒక తండ్రిగారు లేచి, "టీచరుగారూ, అంగడిలో దుప్పట్లు చౌకగా దొరకుచుండగా మా పిల్లచేత పాతగుడ్డలు కుట్టించుట యెందులకు? ఆ గంటసేపు లెక్కలు చేయించరాదా?" అని యడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. ఆనాడు మేము చెప్పిన ప్రత్యుత్తరము మాకే తృప్తికరముగా లేకపోయెను. కావున ఈ సంచికయందు కుట్టుపనిని గూర్చి, ముఖ్యముగా ఇతరులకిచ్చుటకై కుట్టు బొంతలను గూర్చి, కొంత వివరముగా వ్రాయుచున్నాము.

బొంత మనకు క్రొత్తది కాదు. పాతచీరలను, పంచెలను పొరలుగా పఱచి, ఒకటిగా కుట్టి, చంటిబిడ్డలకు పక్కగాను, చలికాలమున కప్పుకొనుటకును వాడుట మన పల్లెలలో తరతరములుగా నున్నది. సంస్కృతమున దీనిని కంథ యందురు. వంగదేశమున కాంథా యను పేరుతో ఈ పనియే గొప్ప కళయైనది. అచ్చటి స్త్రీలు పాతచీర అంచులనుండి రంగుదారములను లాగి వానితోనే పూవులను, పక్షులను కుట్టెడివారు. కర్ణాటకమునందలి ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలనువారు కుట్టు బొంతల నాలుగు మూలలయందును చిన్న గుడ్డముక్కలను పూవువలె మడచి అతికెదరు. ఆ పూవులు లేనిచో బొంత దిగంబరముగా నున్నట్లే వారికి తోచునట.

ఇక పని. మొదట చీరను గంజి యంతయు పోవునట్లు ఉతికి యెండలో ఆరవేయవలెను. పిమ్మట వెలుతురునకు పట్టి చూడవలెను. పాతచీర యంతటను ఒకేరీతిగా చిరుగదు. కూర్చున్నప్పుడు ఒరసికొను భాగము పలుచబడును. కుచ్చిళ్ల క్రింది యంచు పాదములకు తగిలి నలుగును. నడుమునకు దోపుకొను చెఱగు మాత్రము క్రొత్తదానివలె నుండును. గట్టి భాగము పైకిని, పలుచని భాగము లోపొరకును రావలెను. పిల్లలు రంగు చూచి అందమైన ముక్కను పైకి పెట్టుదురు. ఆరు మాసములలో అది పీలికలగును.

గుడ్డలను చాపపై పఱచి, మూలలయందు రాళ్లుంచి, ముడుతలను అఱచేతితో నడుమనుండి వెలుపలికి త్రోయుడి. టాకాలును నడుమనుండియే వేయవలెను. అంచులనుండి మొదలిడినచో మిగిలిన గుడ్డ నడుమ చేరి గూనువలె లేచును. ఆ గూనును దాచుటకు పిల్లలు దారమును బిగించి లాగుదురు, దానిచే బొంత యంతయు ముడుచుకొని పోవును. దారము గుడ్డపై పరుండవలెను గాని గుడ్డను కోయరాదు. ముడులు పొరల నడుమ దాగవలెను. శిశువు వీపునకు తగులు ముడి ఆవగింజంతయైనను గాయము చేయును.

లెక్కల నడిగిన తండ్రిగారికొఱకు ఒక లెక్క. ఆరుగజముల చీర 45 అంగుళముల పన్న గలదనుకొందము. గజము చొప్పున కోసిన ఆరు ముక్కలు వచ్చును. మూడేసి పొరలుగా రెండు పసిబిడ్డల బొంతలగును. ఒక్కొక్కటి 36 అంగుళముల వెడల్పు, 45 అంగుళముల పొడవు. పొడవునకు అంగుళమున కొక వరుస చొప్పున కుట్టినచో 35 వరుసలు, అనగా 1,575 అంగుళములు, సుమారు 44 గజముల కుట్టు. అంగుళమునకు నాలుగు పోట్లయిన 6,300 పోట్లు. దినమునకు రెండు వరుసలు కుట్టు బాలికకు 18 దినములు పట్టును. ఈ సంఖ్యలను నల్లబల్లపై వ్రాసిననాడు తరగతి యంతయు కొంతసేపు మౌనముగా నుండెను. తమ యిండ్లలోని బొంతలను ఎవరు కుట్టిరో వారిలో పలువురు అప్పుడే తలంచుకొనిరని మా యూహ.

మా తప్పును దాచము. కొన్ని సంవత్సరముల క్రిందట ఒక ఆసుపత్రిలోని బాలింతలకిచ్చుటకై పండ్రెండు బొంతలను కుట్టించితిమి. దట్టముగా నుండిన మెత్తగా నుండునని ఆరేసి పొరలు వేయించితిమి. ఎఱ్ఱచీరలను పరీక్షింపక పైకి పెట్టించితిమి. శ్రావణమాసపు ముసురులో ఆ బొంతలు మూడు దినములకైనను ఆరక ముక్కవాసన కొట్టెనట. ఎఱ్ఱరంగు కాఱి తెల్లని పక్కగుడ్డలు పాడయ్యెను. అచ్చటి నర్సుగారు ఏమియు కఠినముగా పలుకలేదు. "మీరు ఇచ్చుటకు ముందు మమ్ము అడిగియుండవలసినది" అని మాత్రము చెప్పిరి. ఆ మాట ఇప్పటికిని మా చెవిలో నున్నది. మన చేతిపని మనకు ముద్దుగా నుండుటవలన తీసికొనువారి యవసరమును మఱచుట మిక్కిలి సులభము. నాటినుండి మూడు నాలుగు పొరలకు మించనీయము. తడిపిన తెల్లగుడ్డతో రంగుచీరను గట్టిగా రుద్ది, రంగంటినచో విడిచిపెట్టుదుము. మఱియొక సంగతి: నిద్రించు శిశువు ముఖము దరిదాపులకు బొంతగాని మెత్తని దిండుగాని రానీయరాదని వైద్యులు చెప్పుచున్నారు, ఊపిరి యాడకపోవచ్చును. బొంతతోపాటు ఈ మాటయు తల్లికి చెప్పవలెను.

చిన్న వస్తువులను గూర్చి కొద్దిగా. పలకసంచి, కళ్లజోడుసంచి, చేతిరుమాలు మొదటి సంవత్సరపు పిల్లలకు తగినవి. మసిగుడ్డ కుట్టువారు నూలుగుడ్డనే వాడవలెను; పాలియెస్టరు, నైలాను వేడికి కరగి చేతికంటుకొనును. పసివాండ్ర వస్తువులకు గుండీలు వలదు, నోట పెట్టుకొందురు.

చేతికుట్టు బహుమానము ఎంతటి మాట చెప్పగలదో తెలిసికొనుటకు ఒక చరిత్ర చాలును. 1942 ఫిబ్రవరి 15వ తేదీన సింగపూరు జపానుసైన్యమునకు లొంగిపోయినది. అచ్చటి పరదేశ స్త్రీలును పిల్లలును చాంగీ చెఱసాలలో నుంచబడిరి. భర్తలు వేఱొక భాగమున నుండిరి. ఎవరు బ్రతికియున్నారో ఎవరు లేరో పలువురికి తెలియదు. ఎథెల్ మల్వానీ యను కెనడాదేశపు స్త్రీ ఆలోచనపై, ఆ స్త్రీలు ఒక్కొక్కరు చిన్న చదరపు గుడ్డముక్కపై తమకు తోచినది కుట్టి, తమ పేరును కుట్టిరి. అట్టి 66 ముక్కలను కలిపి ఒక బొంత. ఆ విధముగా ఆసుపత్రిలోని గాయపడినవారికొఱకని మూడు బొంతలు చేసిరి. ఒకటి ఆంగ్లేయులకు, ఒకటి ఆస్ట్రేలియనులకు, ఒకటి జపానువారికి. పహరావారు చూచినది పూలును బొమ్మలును. ఆ పేర్లను చదివిన పురుషులు తెలిసికొనినది తమవారు సజీవులై యున్నారని. వానిలో రెండు బొంతలు నేడు ఆస్ట్రేలియాలో కాన్‌బెర్రాలోని యుద్ధస్మారక మందిరమున భద్రముగా నున్నవి.

మన పాఠశాలలో జరిగిన ఒక చిన్న సంగతితో ముగింతుము. ఒకనాడు ఏడవ తరగతి బాలిక యొకతె కాగితములో చుట్టిన చీరను తెచ్చెను. అది ఆమె తల్లి చీర. తల్లి ప్రసవించిన కొలదిదినములకే ప్రభువునందు నిద్రించెను. శిశువు అమ్మమ్మ యొద్ద నుండెను. "తమ్మునికి బొంత కుట్టవలెనండి" అని బాలిక చెప్పెను గాని, కత్తెర చేతికిచ్చినప్పుడు కోయలేకపోయెను. రెండు దినములు అట్లే జరిగెను. మూడవనాడు మాకొక ఉపాయము తోచెను. 216 అంగుళముల పొడవుగల చీరను కోయకయే నాలుగు మడతలు పెట్టినచో 54 అంగుళముల బొంతయగును. నాలుగు పొరలు చాలును. ఆమె చేతనే మడత పెట్టించితిమి. కొంగుననున్న మామిడిపిందెల నేత పైకి కనబడునట్లు అమర్చి, నెలన్నరలో కుట్టి ముగించెను. మొదటి వరుసలు వంకరలు. వానిని విప్పుమని మేము చెప్పలేదు.

ఆ తమ్ముడు ఇప్పుడు మన పాఠశాలలోనే ఆఱవ తరగతి చదువుచున్నాడు. బొంతను ఇంకను పక్కపై పఱచుకొనుచున్నాడట. రెండుచోట్ల కుట్టు తెగినదని చెప్పగా, సెలవులు గడచినపిమ్మట దానిని తెమ్మంటిమి. ఈమారు దానిని బాగుచేయుటకు సూది అతనికే యిత్తుము.