పండుగలో పిల్లలకో పని

ఉగాది ముందునాటి సాయంత్రం కళ్యాణదుర్గం బస్టాండులో కాసేపు నిలబడితే చాలు, ఈ సీమ సంసారాల సంగతి తెలిసిపోతుంది. పావగడ మీదుగా వచ్చిన బస్సుల్లోంచి బెంగళూరుకు వలసపోయిన తల్లిదండ్రులు దిగుతుంటారు. కట్టడం పనులకు పోయినవాళ్లు, గార్మెంట్ ఫ్యాక్టరీల్లో మిషన్లు కుట్టేవాళ్లు, అపార్ట్‌మెంట్ల గేటు దగ్గర కాపలా ఉండేవాళ్లు. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో పిల్లల కొత్త బట్టల కవరు. ఊళ్లో అవ్వాతాతల దగ్గర వదిలిపోయిన బిడ్డ కోసం వస్తారు. ఉండేది రెండు రోజులో, మూడు రోజులో. ఆ కాస్త సమయంలో బిడ్డకు ఏం ఇవ్వగలమన్న దిగులు వాళ్ల ముఖాల్లోనే కనిపిస్తుంది. చాలామంది ఆ దిగులును డబ్బుతో తీర్చుకోవాలని చూస్తారు. బట్టలు, బ్యాటరీ కారు, బిరియానీ పొట్లం. తప్పు పట్టడానికి మనసు రాదు. దూరంగా ఉన్నామన్న బాధ ఎవరి చేతినైనా జేబులోకి తీసుకుపోతుంది.

అయినా ఆ తల్లిదండ్రులకు నేను చెప్పదలచుకున్న మాట ఒకటుంది. బిడ్డకు పండుగలో ఒక పని అప్పజెప్పండి. చిన్నదైనా సరే, అది ఆ బిడ్డ పనే అయివుండాలి. ఏటేటా అదే పని, అదే బిడ్డ చేతిమీదుగా జరగాలి.

ఎందుకంటే ఈ నేలమీద డబ్బుతో ముడిపెట్టిన పండుగ నిలవదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపేస్తాయి. ఈశాన్య రుతుపవనాలు తూర్పు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి వాటిలో సత్తువ ఉండదు. జూన్, జూలైలో తొలి పదును చూసి చెనిక్కాయ విత్తనం వేసిన రైతుకు పెట్టిన పెట్టుబడి వస్తుందో రాదో దసరా దాటేదాకా తెలియదు. పంట వచ్చిన ఏడు కొత్త బట్టలు, పోయిన ఏడు పాత బట్టలు. పండుగంటే కొనడమే అని నేర్చుకున్న పిల్లవాడికి కరువు వచ్చిన ప్రతిసారీ ఇంట్లో పండుగ కూడా పోతుంది. అందుకే వాన మీద ఆధారపడని ఆనవాయితీ ఒకటి ప్రతి ఇంటికీ ఉండి తీరాలని నా గట్టి నమ్మకం.

ఇంటి ఆనవాయితీల మీద ప్రపంచంలో చాలా పరిశోధన జరిగింది. 2002లో అమెరికాకు చెందిన బార్బరా ఫీస్, ఆమె సహచరులు కుటుంబాల దినచర్యలు, వేడుకల మీద వచ్చిన 50 ఏళ్ల పరిశోధనలను ఒకచోట చేర్చి పరిశీలించారు. రోజువారీ అలవాటుకూ వేడుకకూ వాళ్లు చూపిన తేడా తల్లిదండ్రులకు బాగా పనికొస్తుంది. పళ్లు తోముకోవడం, వేళకు తినడం అలవాట్లు. చేశామా, ముగిసిందా, అంతే. వేడుకలో అర్థం ఉంటుంది. మనం ఎవరం, ఈ ఇంట్లో నా చోటు ఎక్కడ అన్నది పిల్లలకు అక్కడ తెలుస్తుంది. నాలుగైదేళ్ల బిడ్డకు ఈ మాటలన్నీ చెప్పి ఒప్పించలేం. చేతికి పని ఇస్తే మాత్రం వెంటనే అర్థమవుతుంది.

వినాయక చవితి పత్రినే చూడండి. పూజలో చెప్పే 21 పత్రాలలో ఎన్నో ఈ మెట్ట నేలలో ఎవరూ నీళ్లు పోయకుండానే పెరిగేవి. జిల్లేడు, ఉమ్మెత్త రోడ్డు పక్కనే ఉంటాయి. రేగు, జమ్మి చేని గట్ల మీద, వావిలి వంక ఒడ్డున. ఉత్తరేణి అయితే నాలుగు చినుకులు పడ్డాయంటే పెరట్లోనే మొలుస్తుంది. అయినా చవితి ముందురోజు బజారుకు పోయి, వాడిపోయిన పత్రి కట్ట కొని తెచ్చేవాళ్లే ఎక్కువయ్యారు. ఆ కట్టతోపాటు పిల్లల పండుగలో సగాన్ని అంగడికి వదిలేసి వస్తున్నామని ఎవరికీ తోచడం లేదు.

బదులుగా తెల్లవారుజామున పిల్లలను వెంటబెట్టుకుని చేని దారి పట్టండి. ఒక గంట చాలు. బుట్ట చిన్నవాడి చేతికివ్వండి. పెద్ద పిల్ల పేర్లు చెప్పాలి, చిన్నవాడు బుట్టలో వెయ్యాలి.

"అవ్వా, ఇది ఉత్తరేణేనా?"

"కంకి నీ చొక్కాకు తగిలించి చూడు సామీ. అంటుకున్నిందంటే అదే."

కిందికి వంగిన ఆ గింజల ముళ్లు గుడ్డకు పట్టుకుంటాయి. పిల్లవాడు లాగుతాడు, రావు. నవ్వుతాడు. ఆ చెట్టును ఇక జన్మలో మరిచిపోడు. మరుసటి ఏడు అవ్వ చెప్పకముందే తనే పరుగెత్తి చూపిస్తాడు. పూజలో అయ్యవారో నాన్నో ఒక్కొక్క పత్రం పేరు చదువుతుంటే దాన్ని ఏరి అందించే పని కూడా వాడికే ఇవ్వాలి. పూజ అయ్యేదాకా కుదురుగా కూర్చోమని గద్దించాల్సిన అవసరం ఆ ఇంట్లో ఉండదు. వాడి అవసరం పూజకు ఉంది, ఆ సంగతి వాడికి తెలుసు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం. ఉమ్మెత్త, గన్నేరు విషపు మొక్కలు. ఈ మూడింటినీ పెద్దవాళ్లే కోసి వేరుగా ఉంచాలి, పూజలోనూ వాళ్లే అందించాలి, పిల్లలను తాకనివ్వకూడదు, ఇంటికి రాగానే చేతులు సబ్బుతో కడిగించాలి. ఏ మొక్కను ముట్టుకోకూడదో తెలుసుకోవడం కూడా చేని బిడ్డకు చదువే. తిరిగి వచ్చేటప్పుడు చేనులో ఒక చెనిక్కాయ చెట్టు పీకి చూపించండి. చవితి నాటికి ఊడలు దిగి బుడ్డలు పట్టే అదను. పూత పైన పూసి కాయ మట్టిలో ఊరడం ఐదేళ్ల పిల్లకు ఎంత వింతో, తాత దాన్ని చూసి ఈసారి పంట ఎట్లుందో చెప్పడం అంత వింత.

ఉగాదికి ఓళిగలు చేసే ఇల్లయితే పని వెతుక్కోనక్కర్లేదు. శనగబేళ్లు ఉడికించి, కట్టు వంచి, బెల్లం వేసి రుబ్బిన పూర్ణం చల్లారాక ఉండలు కట్టే పని పిల్లలది. మూడేళ్ల బిడ్డ కట్టిన ఉండ ఒకటి నిమ్మకాయంత, ఒకటి గోలీకాయంత వస్తుంది. వాటిని సరిచెయ్యకండి. కణకలో పెట్టి, ఆ వంకర ఉండతోనే ఓళిగ తట్టి, పెనం మీద కాల్చి, నెయ్యి వేసి వాడి చేతనే తాతకు పెట్టించండి. "ఇది మా సామి చేసింది" అని తాత నలుగురిలో అంటే చాలు. మనం చాటుగా సరిచేసిన ఉండను పిల్లలు గుర్తుపడతారు. తన పని లెక్కలోకి రాలేదని తెలిసిన బిడ్డ మరుసటి ఏడు వంటింట్లోకి రాడు.

పనితోపాటు కథ కూడా కావాలి. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో మార్షల్ డ్యూక్, రాబిన్ ఫివుష్ అనే మనస్తత్వవేత్తలు పిల్లలకు వాళ్ల కుటుంబం గురించి ఏపాటి తెలుసో చూడటానికి 20 ప్రశ్నలు తయారుచేశారు. అవ్వాతాతలు ఎక్కడ పెరిగారు, అమ్మానాన్నలు ఎలా కలిశారు, ఇంట్లో వచ్చిన కష్టాలేమిటి, ఇలాంటివి. ఎక్కువ జవాబులు తెలిసిన పిల్లల్లో ఆత్మగౌరవం, తమ జీవితం తమ చేతుల్లో ఉందన్న భావన ఎక్కువగా కనిపించాయి. జవాబులు బట్టీ కొట్టిస్తే ఫలితం వస్తుందని మాత్రం ఆ పరిశోధకులు చెప్పలేదు. భోజనాల దగ్గర, పండుగల్లో, ప్రయాణాల్లో పెద్దలూ పిల్లలూ కలిసి కూర్చుని మాట్లాడుకోవడంలోనే అసలు బలం ఉందన్నారు. మన ఇళ్లలో ఓళిగలు తట్టే మధ్యాహ్నానికి మించిన అదను ఏముంది? 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచిన సంగతి ఎనభై దాటిన పెద్దలకు ఇంకా గుర్తుంది. గిన్నె పట్టుకుని వరసలో నిలబడిన ముచ్చట ఇంట్లో ఎవరైనా చెప్పగలిగితే ఉగాదినాడే చెప్పించండి. పండుగపూట కష్టాల మాటలెందుకని కసురుకోవద్దు. మనవాళ్లు కరువులు దాటి వచ్చారని తెలిసిన పిల్ల రేపు పరీక్ష తప్పినా, ఉద్యోగం పోయినా గట్టిగా నిలబడుతుంది. విజయాలు మాత్రమే చెప్పిన ఇంట్లో ఓడిపోయిన బిడ్డకు ఆసరా దొరకదు.

ఇక్కడ నాకు అన్నిటికన్నా బాధ కలిగించే విషయం చెప్పాలి. పండుగలను పాడుచేసేది మన ఊళ్లలో పేదరికం కన్నా మందు. ఆరు నెలల తర్వాత ఇల్లు చేరిన తండ్రి పండుగపూట స్నేహితులతో కూర్చుంటాడు. సాయంత్రానికి గొడవ, తల్లి ఏడుపు, మూల నక్కిన పిల్లలు. 1980లో స్టీవెన్ వోలిన్, లిండా బెన్నెట్ బృందం మద్యానికి బానిసలైన తల్లి గానీ తండ్రి గానీ ఉన్న కుటుంబాలను పరిశీలించింది. తాగుడు ఉన్నా సరే పండుగలు, కలిసి తినే భోజనాలు చెదరకుండా కాపాడుకున్న కుటుంబాల్లో ఆ వ్యసనం పిల్లల తరానికి పాకడం తక్కువగా కనిపించింది. తాగుడు ఆ వేడుకలను ముంచేసిన ఇళ్లలో ఎక్కువగా పాకింది. దీన్నిబట్టి తల్లులకూ అవ్వలకూ ఒక మాట. మనిషిని మార్చడం మీ చేతుల్లో లేకపోవచ్చు. చవితినాటి ఆ ఉదయం గంట, ఉగాదినాటి ఆ పూర్ణం గంట మీ చేతుల్లో ఉంటాయి. వాటిని ఎవరి కోసమూ వదులుకోకండి. తండ్రి లేచినా లేవకున్నా పిల్లలతో పత్రికి బయల్దేరండి. తండ్రులకు ఇంకో మాట. ఏడాదికి మీ బిడ్డ మిమ్మల్ని చూసే రోజులు ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టి, ఆ తర్వాత సీసా సంగతి ఆలోచించండి.

మిగతా పండుగలకు వెతికితే పని దానంతటదే దొరుకుతుంది. దసరాకు జమ్మి ఆకు పెద్దల చేతిలో పెట్టి కాళ్లకు మొక్కడం పిల్లలకు ఎంతో ఇష్టం. ఎవరెవరి ఇళ్లకు పోవాలో జాబితా వాళ్లనే రాయనివ్వండి. పీర్ల పండుగకు కులమతాలు చూడకుండా చక్కెర చదివించడం మన జిల్లాలో ఉన్న గొప్ప ఆచారం. నార్పల దగ్గర గూగూడు కుళ్లాయిస్వామి ఉత్సవాలకు హిందువులూ ముస్లింలూ కలిసి పోతారు. చదివించిన చక్కెరను పొట్లాలు కట్టి వీధిలో పంచే పని పిల్లలదైతే పక్కింటివాళ్ల దేవుడు కూడా మనవాడేనని వేరే పాఠం చెప్పక్కర్లేదు.

పండుగకు రాలేని ఏడు ఏం చెయ్యాలి? సెలవు దొరకదు, బస్సు ఛార్జీలకు డబ్బుండదు, ఇలాంటివి జరుగుతూనే ఉంటాయి. కన్నడ సీమను ఆనుకున్న మన వైపు ఉగాది మరునాటి సాయంత్రం నెలవంకను చూసి దండం పెట్టుకుని, పెద్దల కాళ్లకు మొక్కుతారు. దూరాన ఉన్న కుటుంబానికి ఇంతకన్నా అనువైన ఆచారం లేదు. ఆ వేళకు ఫోన్ చేసి, ముందు ఎవరు చూశారో పోటీ పెట్టుకోవచ్చు. బెంగళూరులో మేడ మీదికెక్కిన అమ్మ కంటే చేనుకాడి బిడ్డకే ముందు కనిపిస్తుంది. గెలిచేదీ వాడే. వీడియో కాల్‌లో గంటసేపు "తిన్నావా, చదువుతున్నావా" అని అడిగే బదులు ఈ ఐదు నిమిషాలు ఎంతో మేలు. అమెరికాలో ఉన్న కొడుకులకూ మనవళ్లకూ ఇదే చెబుతాను, వాళ్లకు చంద్రుడు కనిపించే వేళ మారుతుంది, అంతే.

రాలేనని తెలిస్తే ముందే చెప్పాలి. వస్తానని ఆశపెట్టి చివరి నిమిషంలో మానుకోవడం పిల్లలను ఎంత కుంగదీస్తుందో అవ్వాతాతలను అడగండి. ఒక్క పనే మాటివ్వండి, దాన్ని నిలబెట్టుకోండి. పది ఆనవాయితీలు మొదలుపెట్టి రెండో ఏడు తొమ్మిది మరిచిపోయే ఇంట్లో ఆ పదోదాన్ని కూడా పిల్లలు నమ్మరు.

పదేళ్లు దాటాక పిల్లలు మారతారు. బుట్ట పట్టుకోవడం నామోషీ అనిపిస్తుంది. అప్పుడు బుట్టను చెల్లికో తమ్ముడికో ఇప్పించి, పెద్దవాడికి పేర్లు నేర్పే బాధ్యత ఇవ్వండి. పత్రి ఫొటోలు తీసి పేర్లు రాసిపెడతానంటే సరేననండి. పద్ధతి వాడి చేతిలో కాస్త మారినా పరవాలేదు. మార్చే హక్కు దొరికినప్పుడే అది తనదని వాడికి అనిపిస్తుంది.

ఇంట్లో పెద్దదిక్కు పోయిన ఏడు మన ఇళ్లలో పండుగ చెయ్యరు. పిల్లలకు ఆ ఏడు చాలా అయోమయంగా ఉంటుంది. అవ్వ పోయింది, ఆమెతో పాటు చవితి కూడా ఎందుకు పోయిందో వాళ్లకు తెలియదు. ఇంట్లో పూజ లేకపోయినా పిల్లలను చేని దారిన తీసుకుపోవడానికి ఏ అడ్డూ లేదు. పత్రి కోసి, బుట్టతో సహా పక్కింటి పూజకు ఇచ్చి రమ్మనండి. ఉత్తరేణి ఏదో అవ్వ ఎలా చూపించిందో దారిలో వాళ్లనే చెప్పమనండి.