క్రోషా దుప్పటి - ముక్కల లెక్క

నరసాపురం ప్రాంతంలో క్రోషా లేసును 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు నేర్పారు. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇంట్లో అమ్మలు, అక్కలు అల్లుతుంటే చూస్తూ పెరిగినవాళ్లం మనలో ఉన్నాం. ఆ పనిని లెక్క కట్టడం మాత్రం నేర్చుకోలేదు. ఒక దుప్పటితో ఆ లెక్క చూద్దాం.

అల్లే విధానం: నాలుగు గొలుసు కుట్లను చుట్టగా కలపాలి. అందులో మూడేసి పొడుగు కుట్ల గుత్తులు నాలుగు వేయాలి. గుత్తికీ గుత్తికీ మధ్య రెండు గొలుసు కుట్లు ఉండాలి. ఆ ఖాళీలే నాలుగు మూలలు. తర్వాతి వరసల్లో మూలకు రెండు గుత్తులు, వాటి మధ్య రెండు గొలుసు కుట్లు. పక్క ఖాళీకి ఒక్కో గుత్తి. పక్క కొలత 10 సెం.మీ. రాగానే ఆపాలి.

జాగ్రత్త: ఒకరి చేయి బిగువు, ఒకరిది వదులు. కాబట్టి నూలు ఒకటే అయినా ప్రతి చదరాన్నీ అట్టముక్కతో కొలవాలి. చిన్నదైతే లావు సూది, పెద్దదైతే సన్న సూది మార్చాలి. లేకుంటే కలిపినచోట ముడతలు పడతాయి.

లెక్క: 100 సెం.మీ. వెడల్పు, 150 సెం.మీ. పొడవు దుప్పటికి 150 చదరాలు. ఒక్కోదానికి అరగంట అనుకుంటే 75 గంటలు. కలపవలసిన అంచులు 275, అంటే 27.5 మీటర్ల కుట్టు. ఆ సమయం అదనం.

ఈ పనిని ఇంటి ఆడవాళ్ల తీరిక పనిగా చూడడం వల్లే కూలి తక్కువగా ఉందని మరియా మీస్ 1982లో వెలువడిన తన పుస్తకంలో వివరించారు. ఇళ్లలో మొదట డిగ్రీ చదివింది మనమే. అమ్మ పక్కన కూర్చుని ఆ గంటలు రాసిపెట్టవలసిందీ మనమే.