ఊరి చరిత్రశాలలో మన వంతు

ఒక పట్టణానికి వలస వచ్చి, అక్కడే ఇల్లు కట్టుకొని, పిల్లలను బడిలో వేసి, పన్నులు చెల్లిస్తూ రెండు మూడు తరాలు గడిపిన తరువాత కూడా ఆ ఊరి చరిత్ర తమది కాదనుకునేవారు అనేకులు. ‘మేము బయటినుంచి వచ్చినవాళ్లం’ అనే మాట తాతగారి నోటినుంచి మనుమడి నోటికి చేరుతుంది. దీనివల్ల రెండు నష్టాలు కలుగుతున్నాయి. ఊరి చరిత్ర మనకు తెలియకుండా పోతున్నది. మన చరిత్ర ఊరికి తెలియకుండా పోతున్నది. ఈ రెండింటినీ కొంతవరకైనా తీర్చగల చోటు ఊరి ప్రదర్శనశాల. బళ్లారిని ఉదాహరణగా తీసుకొని, అటువంటి చోట జరిగే కార్యక్రమాలలో మనం ఎట్లా పాలుపంచుకోవచ్చునో ఈ పాఠంలో తెలుసుకుందాం.

కొండలు చెప్పే కథ

బళ్లారిలో రాబర్ట్ బ్రూస్ ఫుట్ సంగనకల్లు పురావస్తు ప్రదర్శనశాల ఉన్నది. ఫుట్ (1834–1912) భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేసిన ఆంగ్లేయుడు. 1863లో మద్రాసు సమీపాన పల్లావరంలో పాతరాతియుగపు పనిముట్టును గుర్తించి, మన దేశంలో చరిత్రపూర్వయుగ పరిశోధనకు నాంది పలికాడు. బళ్లారి జిల్లా భూగర్భ నిర్మాణాన్ని గురించి ఆయన రాసిన గ్రంథం 1895లో వెలువడింది. సంగనకల్లు పట్టణానికి చేరువలోని గ్రామం. అక్కడి కొండలమీద, పక్కనున్న కుప్పగల్లు కొండమీద, కొత్తరాతియుగపు ప్రజలు తరతరాలుగా నివసించారు. సుమారు 5 వేల ఏళ్ల కిందట మొదలైన కథ అది. వారు నల్లని డోలరైట్ రాతిని చెక్కి, నూరి గొడ్డళ్లు చేసుకున్నారు, పశువులను మేపారు, బండలమీద ఎద్దుల బొమ్మలను రాతితో పొడిచి గీశారు. రాతితో కొడితే గంటలాగా మోగే బండలు కూడా ఆ కొండమీద ఉన్నాయి.

ఇక్కడి తవ్వకాలలో దొరికిన మాడిన గింజలను శాస్త్రజ్ఞులు పరిశీలించగా వాటిలో ఉలవలు, పెసలు, అండుకొర్రలు కనిపించాయి. మన వంటింటి డబ్బాలో ఉన్న ఉలవలకు ఈ కొండతో వేల ఏళ్ల సంబంధం ఉన్నదన్నమాట. కుడితిని మొదలైన చోట్ల కనిపించే బూడిద దిబ్బలను రాక్షసుల చితాభస్మమని పెద్దలు చెప్పేవారు. తెలంగాణలో పాలమూరు ప్రాంతపు ఉట్నూరు దిబ్బను తవ్వి పరిశీలించిన రేమండ్ ఆల్చిన్, అవి పశువుల దొడ్లలో పేరుకొన్న పేడ కాలగా ఏర్పడినవని నిరూపించాడు.

ఆ పశుపాలకులు ఏ భాష మాట్లాడేవారో చెప్పే రాత ఒక్కటీ లేదు. కన్నడంలోగాని తెలుగులోగాని శాసనాలు పుట్టడానికి వేల ఏళ్ల ముందటి మాట అది. ఆ రాతి గొడ్డళ్ల ముందు నిలబడినప్పుడు ఎవరు ముందు వచ్చారు, ఎవరు తరువాత వచ్చారు అనే వాదానికి పెద్దగా అర్థం మిగలదు.

నిన్నమొన్నటి పొర

చరిత్ర అంటే రాతియుగం ఒక్కటే కాదు. తెలుగు నాటకరంగానికి బళ్లారి తొలి కేంద్రాలలో ఒకటి. ధర్మవరం కృష్ణమాచార్యులు ఇక్కడ సరసవినోదినీ సభను, కోలాచలం శ్రీనివాసరావు సుమనోరమా సభను నడిపారు. కృష్ణమాచార్యుల మేనల్లుడు, తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ (1880–1946), ఇక్కడ న్యాయవాదిగా ఉంటూ తెలుగులోనూ కన్నడంలోనూ ఇతర భాషలలోనూ నటించి ఖ్యాతి గడించారు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని ఆయన పట్టుబట్టారు. ఈ పట్టణం ఒక భాషవారి సొత్తు కాదనడానికి ఆయన జీవితం చాలు.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు రాష్ట్రంలోని బళ్లారి జిల్లా రెండుగా విడిపోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రలో కలిశాయి. బళ్లారితోపాటు మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రానికి చెందాయి. గెజెట్ ప్రకటనలో ఇది కొన్ని పంక్తుల సంగతి. చుట్టరికాలు, చదువులు, ఉద్యోగాలు రెండు రాష్ట్రాల నడుమ పడ్డ కుటుంబాలకు అది కొన్నేళ్ల బతుకు. ఆనాడు పదేళ్ల పిల్లలుగా ఉన్నవారు ఈనాడు ఎనభై దాటినవారు. వారిని ఇప్పుడు అడగకపోతే మరి అడగలేము.

ప్రదర్శనశాలలో జరిగేవి

ప్రదర్శనశాలలు సాధారణంగా కొన్ని దినాలను సందర్భంగా తీసుకొని జనాన్ని ఆహ్వానిస్తాయి. ఏప్రిల్ 18 ప్రపంచ వారసత్వ దినం. 1977 నుంచి జరుపుతున్న అంతర్జాతీయ ప్రదర్శనశాలల దినం మే 18. మన దేశంలో నవంబరు 19 నుంచి 25 వరకు వారసత్వ వారోత్సవం. ఆ రోజులలోనూ ఇతర సమయాలలోనూ జరిపే కార్యక్రమాలు ముఖ్యంగా నాలుగు విధాలు.

మొదటిది ప్రసంగం. పండితులు చెప్పగా సభికులు వింటారు. వినడంతో ఊరుకోక, తెలియనిది తెలుగులోనైనా లేచి అడగాలి. రెండవది క్షేత్రయాత్ర. తెలిసినవారు వెంట ఉండి కొండలను, దిబ్బలను చూపిస్తారు. అక్కడ చూడవలసినదే గాని ఏరుకోవలసినది కాదు. రాతి పనిముట్టు విలువ అది పడి ఉన్న చోటుతో ముడిపడి ఉంటుంది. జేబులో వేసుకున్న మరుక్షణం అది ఉత్త రాయి. మూడవది పిల్లల కార్యక్రమం: మట్టితో కుండ చేయడం, బొమ్మలు గీయడం, తిరగలి తిప్పి చూడడం వంటివి.

నాలుగవది జ్ఞాపకాల సభ. మనవారు ఎక్కువగా తోడ్పడగలది ఇందులోనే. పెద్దలు తమ పాత వస్తువును తెచ్చి, దాని కథను చెబుతారు; దానిని రికార్డు చేస్తారు. అవ్వను ‘చరిత్ర చెప్పు’ అంటే ‘నాకేం తెలుసు నాయనా’ అంటుంది. ‘నీవు మొదటిసారి ఈ ఊరికి ఏ బండిలో వచ్చావు? నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారు? జీతం ఎంత, బియ్యం ధర ఎంత?’ అని అడిగితే గంటసేపు చెబుతుంది. ఆమె మాటను దిద్దకూడదు. కన్నడం కలిసిన తెలుగైతే అట్లాగే ఉండనివ్వాలి; ఆ కలయికే ఒక చారిత్రక ఆధారం.

వస్తువును ఇచ్చేటప్పుడు

ఇల్లు మారేటప్పుడు పాత కాగితాలు కొనేవారికి తూకానికి వేసే కట్టలలో నాటకాల కరపత్రాలు, కూలి చీటీలు, బడి ఫోటోలు, రెండు భాషల శుభలేఖలు ఉంటాయి. తూకానికి వేసేముందు ఒక్కసారి విప్పి చూడాలి. దాచదగినది కనిపిస్తే ఈ నియమాలను పాటించాలి.

ఒకటి, ఫోటో వెనుక పెన్సిలుతో మెల్లగా పేర్లు, ఊరు, సంవత్సరం రాయాలి. రెండు, చిరిగిన కాగితానికి టేపు అంటించరాదు, లామినేషన్ చేయించరాదు. పాత నాణేలను చింతపండుతో తోమరాదు. మూడు, ఇచ్చేది దానమా, కొంతకాలానికి అరువా అన్నది స్పష్టంగా రాయించి రసీదు తీసుకోవాలి. నాలుగు, వస్తువును వదులుకోలేకపోతే నకలు తీసి ఇచ్చినా సరిపోతుంది. పునాది తవ్వకంలో పాత నాణేలు, విగ్రహాలు వంటివి బయటపడితే మాత్రం మన ఇష్టం చెల్లదు. ఆ సంగతి జిల్లా అధికారులకు తెలియజేయడం చట్టం విధించిన బాధ్యత.

ఎందుకు ఇంత శ్రమ

కుప్పగల్లు, సంగనకల్లు కొండల చుట్టూ రాతి క్వారీలు సాగినందువల్ల వేల ఏళ్లనాటి ఆ బండలకు ముప్పు ఏర్పడిందని పరిశోధకులు హెచ్చరించారు. కంకరగా మారిన బండమీది బొమ్మను ఏ ప్రదర్శనశాలా తిరిగి తేలేదు. కొండను కాపాడమని అడిగేవారు పదిమంది పండితులే అయితే ఆ గొంతు వినబడదు. ప్రదర్శనశాలకు వచ్చిపోయే వేలమంది పౌరులు అడిగితే వినబడుతుంది. ఆ వేలమందిలో తెలుగువారు లేకపోవడానికి కారణం ఏమీ లేదు.

మన సమ్మిశ్ర సంస్కృతి వారసత్వాన్ని గౌరవించి కాపాడడం పౌరుల ప్రాథమిక విధులలో ఒకటని రాజ్యాంగంలోని 51-ఎ అధికరణం చెబుతున్నది. తమ భాషను, లిపిని, సంస్కృతిని కాపాడుకునే హక్కును 29వ అధికరణం ఇస్తున్నది. ఊరి చరిత్రను మనదిగా ఎంచడం మొదటిది. మన జ్ఞాపకాన్ని ఊరికి అందించడం రెండవది. విధిని, హక్కును ఒకే గడపలో నెరవేర్చుకునే అవకాశాన్ని ఊరి ప్రదర్శనశాల కల్పిస్తున్నది.

అభ్యాసం

1. మీ ఇంట్లో అందరికంటె పెద్దవారిని, వారు ఈ పట్టణానికి వచ్చిన మొదటి రోజును గురించి అడిగి, వారి మాటలలోనే ఒక పుట రాయండి.

2. మీ ఇంట్లో 50 ఏళ్లు దాటిన వస్తువులు ఏవి? ఒక్కొక్కటి ఎవరిది, ఎక్కడిది అన్నది పట్టికగా రాయండి.

3. రాతి పనిముట్టును దొరికిన చోటునుంచి ఎందుకు కదల్చరాదు? మీ మాటలలో వివరించండి.

4. పొరుగున ఉన్న కన్నడ, ఉర్దూ, తమిళ కుటుంబాలలో ఒకరితో కలిసి ప్రదర్శనశాలను చూసి రండి. ఏ వస్తువు ముందు ఇద్దరూ ఎక్కువసేపు నిలబడ్డారో, ఎందుకో రాయండి.