నీటిమట్టమును కొలుచు విద్య

ఎలక్ట్రానిక్సు చదివి ఉద్యోగార్థియై ఇంటర్వ్యూకు పోవు విద్యార్థిని గూర్చి మార్కుల పట్టిక చెప్పునది కొంతయే. ఇంటి యవసరమునకై తానే నిర్మించి, పరీక్షించి, దోషములు కనిపెట్టి దిద్దుకొనిన యొక చిన్న సెన్సరు అంతకంటె నెంతయో యెక్కువ చెప్పగలదు. కనుక గంజాం ప్రాంతపు విద్యార్థులకు నా సలహా యిది: ఎవరో చేసి చూపిన పనికి నకలు తీయక, మీ యూరిలో దేనిని కొలువవలసిన యవసరమున్నదో ముందు వెదకుడు.

భంజనగర్‌లో ఆ వెదుకులాట నీటితోనే మొదలు కావచ్చును. ఒకనాడు రసెల్‌కొండ యను పేర మద్రాసు ప్రెసిడెన్సీలో నుండి, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు అందులో చేరి, అనంతరము మహాకవి ఉపేంద్ర భంజుని పేరు దాల్చిన యీ పట్టణమునకు, ఋషికుల్యా సేద్యపు వ్యవస్థకు చెందిన జలాశయము చెంతనే గలదు. దాని మట్టమును కొలుచుట ప్రభుత్వపు పని. మీ డాబాపైని ట్యాంకు మట్టమును కొలుచుట మీ పని.

కావలసిన సామగ్రి స్వల్పము: హెచ్‌సి-ఎస్‌ఆర్04 అను అల్ట్రాసోనిక్ మాడ్యూలు, ఇఎస్‌పి32 బోర్డు, బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, రెసిస్టర్లు, మల్టీమీటరు. మాడ్యూలు వెలువరించు 40 కిలోహెర్ట్జ్ ధ్వని నీటిని తాకి మరలివచ్చుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. మాడ్యూలు 5 వోల్టులతో పనిచేయును; ఇఎస్‌పి32 పిన్నులకు 3.3 వోల్టులే తగును. కావున మాడ్యూలు నుండి ప్రతిధ్వని సంకేతమును తెచ్చు ఎకో తీగను బోర్డుకు నేరుగా కలుపరాదు. 1 కిలో ఓము, 2 కిలో ఓముల రెసిస్టర్లను వరుసగా కలిపి, ఆ జంటకు 5 వోల్టులిచ్చి, 2 కిలో ఓముల రెసిస్టరుపై 3.3 వోల్టులు వచ్చుచున్నవని మల్టీమీటరుతో చూచుకొనిన పిమ్మటనే ఎకో తీగను ఆ జంట ద్వారా బోర్డుకు కలుపవలెను.

తెరపై అంకె కనబడగానే పని ముగిసినదని తలచువారు పెక్కుమంది; నిజమునకు విద్య అచ్చటనే ప్రారంభమగును. గాలిలో ధ్వనివేగము 20 డిగ్రీల సెల్సియస్ వద్ద సెకనుకు 343 మీటర్లు. 40 డిగ్రీల వద్ద దాదాపు 355 మీటర్లు. ప్రోగ్రాములో 343 అని వ్రాసి యూరకున్నచో, మండు వేసవి మధ్యాహ్నమున 2 మీటర్ల దూరము 193 సెంటీమీటర్లుగా కనబడును. అనగా ట్యాంకులో లేని నీరు 7 సెంటీమీటర్లు ఉన్నట్లు తోచును. డిఎస్18బి20 వంటి యుష్ణోగ్రత సెన్సరును జతచేసి, ఆ యెండకు తగిన వేగమును ప్రోగ్రామే లెక్కించుకొనునట్లు చేసినచో ఈ దోషము చాలవరకు తొలగును. ఇక ట్యాంకులోని తేమకు మాడ్యూలు పాడగును. నీరు చొరని రకము వాడవచ్చును గాని, అది 20 సెంటీమీటర్లకంటె దగ్గరి వస్తువును సరిగా గుర్తింపలేదు, కనుక నిండు మట్టమునకు తగినంత యెత్తున బిగింపవలెను. టేపుతో కొలిచినదియు సెన్సరు చెప్పినదియు ఉదయమున, మధ్యాహ్నమున ప్రక్కప్రక్కన నోటుపుస్తకములో వ్రాసి గ్రాఫు గీయుడు. నా యభిప్రాయమున ఇంటర్వ్యూకు పరికరముకంటె ముందుగా చూపదగినది ఆ పుస్తకమే. డేటాషీటు ఆంగ్లమున నుండుటచే తెలుగు, ఒడియా మాధ్యమములవారు జంకవలదు. అందు ముఖ్యములైనవి వోల్టేజి, కరెంటు, దూరము, కోణము తెలుపు అంకెలే.

కొలుచు పరికరములను మన దేశమున మనమే చేసికొనవలెనను పట్టుదలకు తెలుగువారిలో అయ్యగారి సాంబశివరావుగారిని మించిన యుదాహరణము లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో 1914లో జన్మించిన ఆయన, ట్రాంబేలోని అణుశక్తి కేంద్రమున ఎలక్ట్రానిక్సు విభాగమునకు నాయకత్వము వహించి, రేడియేషనును కొలుచు పరికరములు మున్నగువానిని దేశీయముగా నిర్మింపించిరి. ఆ కృషి ఫలముగనే 1967లో హైదరాబాదున ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ (ఇ.సి.ఐ.ఎల్.) వెలసినది. రేడియేషనును కొలుచు నవసరము గంజామునకును కలదు: ఛత్రపురము చెంత ఐ.ఆర్.ఇ.ఎల్. (పూర్వపు ఇండియన్ రేర్ ఎర్త్స్) వారు వేరుచేయు సముద్రపు టిసుకలోని మోనజైటున థోరియము గలదు.

ఈ విద్యను క్రమముగా నేర్వగోరువారికి పదవ తరగతి పిమ్మట ఐ.టి.ఐ.లో ఎలక్ట్రానిక్ మెకానిక్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అను రెండేండ్ల ట్రేడులు గలవు. డిప్లొమాకు బరంపురమున ఉమాచరణ్ పట్నాయక్ ఇంజనీరింగు స్కూలు, బి.టెక్.కు 2009లో నెలకొన్న పరలా మహారాజా ఇంజనీరింగు కళాశాల యున్నవి. డిప్లొమా ముగించినవారు బి.టెక్. రెండవ సంవత్సరమున నేరుగా చేరవచ్చును. కర్మాగారములలో కొలత పరికరములను సరిచూచు కాలిబ్రేషన్ పని, నీటి సరఫరా, వాతావరణ పరిశీలన, వైద్య పరికరముల మరమ్మతు: ఇవియన్నియు ఈ విద్యను కోరు వృత్తులే.

బాలికలకు ఈ పని తగదని తలంచు తల్లిదండ్రులు ఆ తలంపును మానవలెను; ఇంటి ట్యాంకు మట్టమును కొలుచుటకు ఎవరి యనుమతియు నక్కరలేదు. ఈ వేసవి సెలవులలోనే ఆరంభింపుడు. తొలి కొలతను తేదీతో సహా వ్రాసి యుంచుకొనుడు.